బధిర బాలల విద్య: మన ముందున్న చిక్కులు

చెవిటివారిని మన పల్లెలలో ‘మూగ’ యనియు పిలుచుట పరిపాటి. ఈ రెండు లోపములును పుట్టుకతోనే జంటగా వచ్చునని పెక్కుమంది నమ్మిక. ఇది పొరపాటు. పుట్టుచెవుడు గల బిడ్డలలో హెచ్చుమందికి గొంతు, నాలుక, పెదవులు అన్నియు సలక్షణముగనే యుండును. వారు ఏడ్తురు, నవ్వుదురు, కేకలు వేయుదురు. మాట రాకపోవుటకు కారణము మాట వినకపోవుటయే. కనుక మూగతనమని మనము పిలుచునది చాలవరకు వ్యాధి కాదు. సకాలమున భాష అందకపోవుట వలన కలిగిన ఫలితము. ఈ ఫలితమును తప్పించుట యెట్లు, తప్పించుటలో మన బడులకు, మన ఇండ్లకు ఎదురగుచున్న చిక్కులేవి యను విషయమును ఈ ప్రసంగమున మేము వివరింపదలచితిమి.

వినగల బిడ్డ భాషను ఎట్లు నేర్చుకొనునో మొదట గమనింతము. ఏడాది నిండునప్పటికి రెండు మూడు పదములు, మూడవ యేటికి చిన్న చిన్న వాక్యములు, అయిదవ యేట బడికి పోవునాటికి వేలకొలది మాటలు వానికి వచ్చియుండును. ‘అమ్మకు ఇయ్యి’, ‘అమ్మను పిలు’, ‘అమ్మతో పో’ అను మూడింటికిని గల భేదము వానికి ఎవ్వరును పాఠముగా చెప్పలేదు. వంటింటిలో, వాకిటిలో, ఉయ్యాలలో వాని చెవిని బడిన మాటలే వానికి వ్యాకరణము నేర్పినవి. బడి చేయునదెల్ల ఆ సిద్ధమైన భాషపై అక్షరములను పేర్చుటయే. ఈ అయిదేండ్లును నిశ్శబ్దముగా గడచిన బధిర శిశువు బడిలో చేరినపుడు అక్షరములు రాకపోవుట చిన్న సంగతి. ఏ భాషయు రాకపోవుట పెద్ద సంగతి. బధిర విద్యలోని చిక్కులలో ముక్కాలు మువ్వీసము ఇక్కడనే పుట్టుచున్నవి.

ఈ సమస్య ఏ కొద్దిమందిదో కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున వినికిడి లోపము గలవారు 50 లక్షలకు పైబడియుండిరి. పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో ఒకరు మొదలు ముగ్గురి వరకు శాశ్వతమైన వినికిడి లోపముతో జన్మింతురని వైద్యుల అంచనా. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము, రెండు చెవులలోను 70 డెసిబెల్‌ల లోపమున్నవారిని బధిరులనియు, 60 నుండి 70 డెసిబెల్‌ల లోపమున్నవారిని మందముగా వినువారనియు నిర్వచించినది. మనము మామూలుగా మాటలాడుకొను గొంతు 60 డెసిబెల్‌ల ప్రాంతమున నుండును. అనగా ఎదుట కూర్చుండి మాటలాడుచున్న తల్లి గొంతు ఆ బిడ్డకు చేరదన్నమాట.

హైదరాబాదు నగరమునకు పడమట, శేరిలింగంపల్లి మండలమున గోపన్‌పల్లి యను గ్రామమున్నది. నల్లగండ్ల, తెల్లాపూరు, గచ్చిబౌలి దానికి ఇరుగుపొరుగు. ఒకనాడు బండరాళ్ళు, చెలకలు గల పల్లె; నేడు దాని చుట్టును అంతస్తుల మేడలు, కంప్యూటరు కంపెనీల కార్యాలయములు. అక్కడ తరతరాలుగా ఉన్న కుటుంబములు కలవు. మేడలు కట్టుటకు దూరప్రాంతముల నుండి వచ్చిన కూలీలు కలరు. ఆ మేడలలో నివసించు ఉద్యోగులు కలరు. ఈ మువ్వురిలో ఎవరి యింటనైనను బధిర శిశువు జన్మింపవచ్చును. జన్మించినచో ఆ బిడ్డ చదువునకు ఎదురగు మెట్లేవో ఒక్కొక్కటిగ చూతము.

మొదటి మెట్టు లోపమును గుర్తించుట. చెవుడు కంటికి కనబడునది కాదు. బిడ్డ చక్కగా నవ్వుచుండును, ఎత్తుకొన్నవారి ముఖము చూచి కేరింతలు కొట్టుచుండును. రెండేండ్లు నిండినను మాట రానపుడు, ‘వాని మేనమామకును ఆలస్యముగానే వచ్చినవి’ అని పెద్దలు ఊరడింతురు. కొందరు వెనుక నుండి పళ్ళెము మ్రోగించి పరీక్షింతురు. ఇది నమ్మదగిన పరీక్ష కాదు. పళ్ళెము కదలిన నీడను, గాలిని, నేల అదురును కనిపెట్టియు బిడ్డ వెనుకకు తిరుగవచ్చును. డప్పు చప్పుడు విన్నంతమాత్రమున మాట వినునని చెప్పుటకును వీలులేదు. ఓ.ఎ.ఇ. అను పరీక్ష నేడు పురిటి రోజులలోనే చేయుటకు వీలున్నది. నిద్రించుచున్న శిశువు చెవిలో చిన్న గొట్టమునుంచి మెల్లని ధ్వనులు పంపి, లోచెవి తిరిగి యిచ్చు ప్రతిధ్వనిని కొలుతురు. నొప్పి యుండదు, కొలది నిమిషములలో ముగియును. అందు సందేహము కలిగినచో ‘బెరా’ అను మరియొక పరీక్ష చేసి, ధ్వనికి మెదడు స్పందించుచున్నదో లేదో తేల్చుదురు. ఒక నెలలోపల మొదటి పరీక్ష, మూడు నెలలలోపల నిర్ధారణ, ఆరు నెలలలోపల సహాయము అనునది నిపుణులు పెట్టిన గడువు. అమెరికాలోని కొలరాడోలో జరిగిన పరిశీలన యొకటి 1998లో ప్రచురితమైనది. ఆరు నెలలలోపల లోపము కనుగొనబడిన పిల్లల భాష, ఆ తరువాత కనుగొనబడినవారి భాష కంటె స్పష్టముగా మెరుగని అందు తేలినది. మన దేశమున 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున పుట్టుచెవుడును చేర్చిరి. అయినను, కాన్పు జరిగిన ప్రతిచోటను ఈ పరీక్ష యంత్రము లేదు. ఉన్నచోట తల్లిదండ్రులు అడుగవలెనని ఎరుగరు.

కారణముల విషయము క్లుప్తముగా చెప్పుదుము. గర్భిణికి రుబెల్లా అను తట్టు జాతి జ్వరము సోకుట, నెలలు నిండక పుట్టుట, పుట్టిన వెంటనే తీవ్రమగు పచ్చకామెర్లు, మెదడు పొరల వాపు, ఇవి కొన్ని. జన్యు సంబంధమైనవి మరికొన్ని. మన తెలుగునాట మేనరికములు అనాదిగా ఉన్నవి. భార్యాభర్తలిరువురును ఒకే వంశము నుండి ఒకే దోషము గల జన్యువును మోసినపుడు బిడ్డకు చెవుడు వచ్చు అవకాశము హెచ్చును. ఇందు తల్లిని నిందించుటకు ఏ మాత్రమును తావు లేదు. రుబెల్లాకు టీకా యున్నది. 2017లో తెలుగు రాష్ట్రములు రెండింటను తట్టు, రుబెల్లా టీకాల ఉద్యమము జరిగినది.

రెండవ మెట్టు పరికరములు. వినికిడి యంత్రములను కేంద్ర ప్రభుత్వపు ఎడిప్ పథకము క్రింద పేదలకు ఇచ్చుచున్నారు. కాక్లియర్ ఇంప్లాంట్ అను శస్త్రచికిత్సను ఆరోగ్యశ్రీ పథకమున చేర్చుట వలన పెక్కుమంది పేదబిడ్డలకు లాభము కలిగినది. ఇవి మేలైన సాధనములే. కాని కళ్ళజోడు పెట్టుకొనినంతనే చూపు తేరినట్లు, యంత్రము పెట్టినంతనే మాట తెలియదు. యంత్రము ధ్వనిని చేర్చును. ఆ ధ్వనికి అర్థమును బిడ్డ నేర్చుకొనవలెను. అందుకు నెలల తరబడి, ఏండ్ల తరబడి శిక్షణ కావలెను. పైగా పసివాని చెవి పెరుగుచుండును గనుక చెవిలో అమర్చు అచ్చును తరచుగ మార్చవలెను, బ్యాటరీలు కొనవలెను, తీగ తెగినచో బాగుచేయించవలెను. కూలిపని మీద నేడొక చోట, రేపొక చోట నుండు కుటుంబమునకు ఇది తేలిక కాదు. పెట్టెలో భద్రముగా దాచిన వినికిడి యంత్రము బిడ్డకు ఏమియు వినిపింపదు.

మూడవది పెదవుల కదలికను చూచి మాటను గ్రహించుట. చూచువారికి ఇది సులభముగ తోచును. కాని తెలుగులో ఒక్క చిన్న పరీక్ష చేసి చూడుడు. అద్దము ముందు నిలుచుండి గొంతు పైకి రాకుండ ‘పాట’, ‘బాట’, ‘మాట’ అని అనుడు. పెదవులు మూడింటికిని ఒక్క తీరుననే కదలును. ప, బ, మ లకు గల భేదము గొంతులోను ముక్కులోను ఉన్నదే కాని పెదవులపై లేదు. క, గ లు పలుకునపుడు నాలుక వెనుక భాగమున జరుగు పని బయటికి కనబడనే కనబడదు. మన విభక్తి ప్రత్యయములు మాట చివర మెల్లగ, వడిగ పలుకబడును. ముందుగనే భాష వచ్చినవానికి పెదవుల చూపు ఊతగా పనికివచ్చును. భాషయే రానివానికి అది తాళములేని చెవి వంటిది.

ఈ విషయమై విద్యావేత్తలలో రెండు శతాబ్దములకు పైగా వాదము సాగినది. 1760 ప్రాంతమున పారిస్ నగరమున అబే ద లెపే యను క్రైస్తవాచార్యుడు బధిరుల సైగలనే ఆధారముగా గొని పాఠశాల నడపెను. 1778లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో హైనికె యను నాతడు మాటనే ముఖ్యముగా నేర్పు బడిని స్థాపించెను. పారిస్ బడిలో చదివిన బధిరుడు లోరాన్ క్లెర్ అమెరికాకు వెళ్ళి, గాలడెట్‌తో కలిసి 1817లో హార్ట్‌ఫర్డ్ పాఠశాలను నెలకొల్పెను. 1880లో ఇటలీలోని మిలాన్‌లో బధిర విద్యా మహాసభ జరిగినది. ఒకరిద్దరు తప్ప ప్రతినిధులందరును వినగలవారే. సైగలను విడిచి మాటనే నేర్పవలెనని ఆ సభ తీర్మానించినది. అమెరికా ప్రతినిధులు సమ్మతింపకున్నను, తీర్మానము లోకమంతట వ్యాపించినది. మన దేశమున బొంబాయిలో 1880ల దశకమునను, కలకత్తాలో 1893లోను బధిర పాఠశాలలు పుట్టిన కాలమదియే. అందుచేత మన బడులును ఆ నీడలోనే పెరిగినవి. తరగతిలో చేతులు కదపరాదని పిల్లలను కట్టడి చేసిన బడులు లోకమున ఎన్నియో. 2010లో కెనడాలోని వాంకోవరులో కూడిన అదే మహాసభ, 1880 నాటి తీర్మానములను త్రోసిపుచ్చి, వాటి వలన కలిగిన హానికి విచారము ప్రకటించినది.

ఈ నడుమ జరిగిన దేమి? 1960లో విలియం స్టోకో యను భాషావేత్త, బధిరుల సైగలు మూగ అభినయము కాదనియు, వాటికి వర్ణములు, పదములు, వాక్య నిర్మాణము గల వ్యాకరణము కలదనియు నిరూపించెను. 1970ల దశకమున మదన్ వశిష్ఠ మొదలగువారు భారతీయ సంజ్ఞా భాషను అట్లే పరిశీలించిరి. బధిరులైన తల్లిదండ్రులకు పుట్టిన బధిర శిశువులు నోటితో గాక వ్రేళ్ళతో ముద్దుమాటలాడుట 1991లో పరిశోధకులు గమనించిరి. అనగా మెదడు కోరునది భాషను. అది చెవి ద్వారమున వచ్చినను, కంటి ద్వారమున వచ్చినను స్వీకరించును. కాని ప్రతి పదిమంది బధిర శిశువులలో తొమ్మిదిమంది వినగల తల్లిదండ్రులకే పుట్టుచున్నారు. వారి యింట సంజ్ఞా భాష తెలిసినవారుండరు. తల్లిభాష తల్లికే రాని వింత పరిస్థితి యిది.

సంజ్ఞా భాషకు నేడు మన దేశమున కొంత గుర్తింపు వచ్చినది. 2015లో ఢిల్లీలో భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రము ఏర్పడినది. అది 2018లో 3,000 పదములతో ప్రకటించిన నిఘంటువు 2021 నాటికి 10,000 పదములకు పెరిగినది. ఈ భాషను దేశమంతట ప్రమాణీకరించి పాఠ్య సామగ్రిని సిద్ధపరుపవలెనని 2020 జాతీయ విద్యావిధానము చెప్పినది. 2021లో సార్వత్రిక విద్యాపీఠమున దీనిని ఒక భాషా విషయముగా అంగీకరించిరి. 2024 డిసెంబరులో పి.ఎం. ఈ-విద్య టెలివిజన్ ప్రసారములలో 31వ ఛానెలును ప్రత్యేకముగ ఈ భాషకు కేటాయించిరి. చట్టమును, విధానమును, నిఘంటువును ఉన్నవి; తరగతి గదిలో బిడ్డ యెదుట నిలిచి ఈ భాషను ధారాళముగ మాటలాడు ఉపాధ్యాయుడు అరుదు. శిక్షణ పొందిన ప్రత్యేకోపాధ్యాయులలో సైతము కొన్ని వందల సైగలు మాత్రమే ఎరిగినవారు కలరు. నోటి మాటల వరుసలో సైగలను పేర్చి చూపుట ఆ భాషను మాటలాడుట కాదు. బధిరులనే ఉపాధ్యాయులుగా తయారుచేయుట ఈ కొరతను తీర్చు మేలైన దారి. భాషయు వారిదే, పిల్లలకు ఆదర్శమును వారే.

ఇక బడుల సంగతి. హైదరాబాదులో మలక్‌పేటయందు ప్రభుత్వ బధిర పాఠశాల యున్నది. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానము వారు బధిర పాఠశాలను, పసిపిల్లల శిక్షణకు ‘శ్రవణం’ అను కేంద్రమును నడపుచున్నారు. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ వారి ప్రాంతీయ కేంద్రము కలదు. అచట పరీక్షలును, ఉపాధ్యాయ శిక్షణయు జరుగును. గోపన్‌పల్లి నుండి మలక్‌పేటకు పాతిక కిలోమీటర్లకు మించిన దారి. మనోవికాస్ నగర్‌కును ఇరువది కిలోమీటర్లకు తక్కువ కాదు. పసిబిడ్డను దినదినము ఇంత దూరము త్రిప్పుట, నగరపు రద్దీలో, ఒకనాటి కూలి పోగొట్టుకొనక సాధ్యము కాదు. వసతి బడిలో నుంచినచో తోటి బధిరుల సాంగత్యమున భాష వచ్చును, కాని తల్లిదండ్రులు దూరమగుదురు. సెలవులకు వచ్చిన బిడ్డకు చెప్పవలసినది ఎంతయో యుండును. ఇంట దానిని గ్రహించువారుండరు.

దగ్గరి బడిలోనే చేర్పింపవచ్చును గదా యందురు. 2009 విద్యాహక్కు చట్టమును, 2016 చట్టమును అందుకు వీలు కల్పించినవి. సమగ్ర శిక్ష క్రింద మండలములలో ‘భవిత’ కేంద్రములు నెలకొల్పి, ప్రత్యేక అవసరములు గల పిల్లలకు సహాయకులను నియమించిరి. కాని ఆ సహాయకుడే చూపులేని బిడ్డకు, నడవలేని బిడ్డకు, బుద్ధిమాంద్యము గల బిడ్డకు, వినని బిడ్డకు సేవ చేయవలసియున్నది. ప్రాథమిక తరగతులలో పదిమంది ప్రత్యేక బాలలకు ఒకరు, పై తరగతులలో పదునైదుమందికి ఒకరు చొప్పున ప్రత్యేకోపాధ్యాయులుండవలెనని సర్వోన్నత న్యాయస్థానము 2021లో ఆదేశించినది. అట్టి సంఖ్య సమకూడనంతవరకు, నలుబదిమంది నడుమ కూర్చున్న బధిర బాలుడు పక్కవాని పుస్తకము చూచి వ్రాసికొనుచుండును. వాని దస్తూరి ముత్యములవలె నుండును. వ్రాసినదానిలో ఒక్క వాక్యమునకైనను అర్థము తెలిసియుండకపోవచ్చును. హాజరు పట్టీలో వాడు బడిలో నున్నాడు, చదువులో లేడు.

చట్టములోని మరియొక వెలితిని గూడ గమనింపవలెను. నిర్బంధ విద్య ఆరవ యేట మొదలగును. భాష పట్టుబడు వయస్సు అప్పటికే గడచిపోవుచుండును. కావున బధిర శిశువునకు అసలైన బడి అంగన్‌వాడీలో, అంతకు ముందు ఇంటిలోనే ప్రారంభము కావలెను. అంగన్‌వాడీ కార్యకర్తకు ఈ పిల్లలను గుర్తించు నేర్పును, వంద సైగలును నేర్పుట గొప్ప వ్యయముతో కూడిన పని కాదు.

చదువుట, వ్రాయుటలోని చిక్కు తెలుగునకు ప్రత్యేకమైనది. ‘రాముడు రవిని పిలిచెను’, ‘రాముని రవి పిలిచెను’ అను రెండు వాక్యములు చూడుడు. మాటల వరుస ఒక్కటియే. పిలిచినవాడెవడో తెలుపునది చిన్న ప్రత్యయము. విని నేర్చినవానికి ఇది తడుముకొన పనిలేనిది. ప్రత్యయము నెన్నడును వినని బాలుడు వరుసను బట్టి అర్థము చేసికొని, రెండింటను రాముడే పిలిచెననుకొనును. దీనిని వానికి కంటికి కనబడునట్లు, సైగలో ఎవరు ఎవరి వైపు పిలిచిరో దిక్కు చూపి, పిదప వ్రాతలో ప్రత్యయమునకు రంగు వేసి నేర్పవలెను. భారతీయ సంజ్ఞా భాషలో పేర్లను వ్రేళ్ళతో చూపునపుడు సాధారణముగ ఇంగ్లీషు అక్షరములనే వాడుదురు గనుక తెలుగు వ్రాతకును సైగకును నడుమ వంతెనను మనమే కట్టుకొనవలసియున్నది. ఇట్టి వాచకములను తెలుగులో వ్రాయించుట విద్యాశాఖలు తలపెట్టదగిన పని.

హైదరాబాదు వంటి చోట ఇంకొక చిక్కును కలదు. ఇంట తెలుగో, ఉర్దూయో, ఒడియాయో, హిందీయో, బడిలో ఇంగ్లీషు, తోటి బధిరులతో సంజ్ఞా భాష. పరీక్షలలో బధిర విద్యార్థులకు అదనపు సమయమును, భాషల సంఖ్యలో సడలింపును ఇచ్చుచున్నారు. ఇది దయతో చేసిన ఏర్పాటు. అయినను ఒక్క భాషతోనే సరిపుచ్చుకొనువాడు ఇంగ్లీషును ఎన్నుకొన్నచో, తల్లి వ్రాసిన చీటీని చదువలేడు. తెలుగును ఎన్నుకొన్నచో, పై చదువుల పుస్తకములను అందుకొనలేడు. భారమును తగ్గించుట ఒక ఎత్తు. భాషను చక్కగ నేర్పుట మరియొక ఎత్తు. మొదటిది జరిగి రెండవది జరుగనిచో, పట్టా చేతికి వచ్చినను తలుపులు తెరచుకొనవు.

తలుపులు లేవని అనుటకు మాత్రము వీలులేదు. 2016 చట్టము ప్రభుత్వోద్యోగములలో వికలాంగులకు కేటాయించిన నాలుగు శాతములో ఒక శాతము వినికిడి లోపము గలవారిది. ఉన్నత విద్యాసంస్థలలో వికలాంగులకు అయిదు శాతము స్థానములు కేటాయింపవలెను. గోపన్‌పల్లి చుట్టును వెలసిన కార్యాలయములలో పని చాలవరకు తెరపై కంటితోను, మీటలపై వ్రేళ్ళతోను జరుగునదే. 2023లో సర్వోన్నత న్యాయస్థానమున సారా సన్నీ యను బధిర న్యాయవాది దుబాసీ సహాయముతో సంజ్ఞా భాషలో వాదించినది. చెవి లేకపోవుట అడ్డు కాలేదు. భాషయు, చదువును సకాలమున అందినవి.

ఈ పత్రికను చదువువారు రేడియో గల కుటుంబములవారు. వినుట మీకు దినదిన సుఖము. మీ యింట గాని, పొరుగింట గాని పసిబిడ్డ యున్నచో మేము కోరునవి కొన్నియే. పురిటిలోనే చెవి పరీక్ష చేయింపుడని చెప్పుడు. ఏడాది నిండినను పేరు పెట్టి పిలిచిన పలుకని బిడ్డను, ‘మాటలు వచ్చునులే’ యని ఊరక విడువక నిపుణునికి చూపింపుడు. యంత్రమిచ్చినచో మెలకువగా నున్నంతసేపు దానిని పెట్టి యుంచుడు. దానితోపాటు సైగలను నేర్చుకొనుడు. సైగలు నేర్చిన బిడ్డకు మాట రాదను భయము నిరాధారము. ఒక భాష గట్టిగా వచ్చినవానికి రెండవది సుగమము. తల్లి యొక్కతెయే గాక తండ్రియు, అవ్వయు, తాతయు, అన్నదమ్ములును నేర్చుకొనవలెను. అన్నము పెట్టుచు, ‘ఇది పప్పు, వేడిగా నున్నది, ఊదుకొని తిను’ అని చేతులతో చెప్పగలిగిన యింటిలో బడి అప్పుడే ప్రారంభమైనది.

బధిర బాలుని చదువుకు ప్రభుత్వములు చేయవలసినది చాల యున్నది. బడులు దగ్గరకు రావలెను, ఉపాధ్యాయులు పెరుగవలెను, పుస్తకములు వెలువడవలెను. వీనికి కాలము పట్టును. బిడ్డ వయస్సు మాత్రము ఆగదు. గడచిన మూడవ యేడును, నాలుగవ యేడును ఏ పథకమును తిరిగి తెచ్చి యీయజాలదు. అందుచేత ఇంటివారి మొదటి అడుగు ప్రభుత్వముల అడుగు కొరకు వేచియుండరాదని మా మనవి.